ప్రహ్లాదుడు తండ్రిని ద్వేషించలేదు, నమ్మనూ లేదు

ప్రహ్లాద చరిత్ర వీడియోలో టైమ్ సరిపోక ఒక ప్రశ్నను పక్కన పెట్టాల్సి వచ్చింది. దాన్ని ఇక్కడ తీరిగ్గా మాట్లాడుకుందాం.

పదే పదే అబద్ధాలు చెప్పే మనిషి, మోసం చేసే మనిషి, చెయ్యి చేసుకునే మనిషి, అంతా అయ్యాక కూడా కళ్ళల్లో కొంచెం బాధ కనిపించని మనిషి మన ఇంట్లోనే ఉంటే ఏం చేయాలి? క్షమించడం ధర్మమా? దూరం పెట్టడం ధర్మమా? దూరం పెడితే మనం కఠినులమైపోయినట్టా? గుడికి వెళ్ళి దండం పెట్టుకుని వచ్చిన రాత్రి కూడా చాలామందికి నిద్ర పట్టనివ్వని ప్రశ్న ఇది.

మాది ఆలేరు. యాదగిరిగుట్ట మాకు దగ్గరే. చిన్నప్పటి నుంచి నరసింహస్వామి కథ వింటూ పెరిగాం. తెలుగులో ఆ కథ చెప్పిన పోతనగారి బమ్మెర కూడా మాకు పక్క జిల్లాలోనే ఉంది. ఆ కథలో చాలామందికి గుర్తుండేది స్తంభం, గోళ్ళు, గడప. ఈ ప్రశ్నకు జవాబు మాత్రం నాకు ప్రహ్లాదుడు తండ్రితో ప్రవర్తించిన తీరులో దొరికింది.

ముందు ఒక మాట సరిచేసుకుందాం

మన ఆఫీసుల్లో, హాస్టళ్లలో ఒక మాట బాగా నడుస్తుంది. "నేను కొంచెం యాంటీసోషల్ రా, పార్టీలకు రాను." అది యాంటీసోషల్ కాదు. నలుగురిలో కలవడం ఇష్టం లేకపోవడం, ఒంటరిగా కూర్చుని పుస్తకం చదువుకోవడం ఒక స్వభావం మాత్రమే. దాని వల్ల ఎవరికీ నష్టం లేదు. మన ఋషుల్లో సగం మంది అలాంటివాళ్లే అయి ఉంటారు.

డాక్టర్లు యాంటీసోషల్ అన్నప్పుడు వేరే సంగతి చెప్తున్నారు. అక్కడ ఆ మాటకు అర్థం, ఎదుటివాళ్ల హక్కుల్ని లెక్కచేయకుండా తొక్కుకుంటూ పోవడం. అలాంటి మనిషి నలుగురిలో కలవకపోవడం అటుంచి, చాలాసార్లు అందరికంటే బాగా కలుస్తాడు. నవ్విస్తాడు, మెప్పిస్తాడు, అడిగిన వెంటనే సాయానికి వస్తాడు. హెర్వీ క్లెక్లీ అనే అమెరికన్ సైకియాట్రిస్ట్ 1941లో ఇలాంటివాళ్ల గురించి రాసిన పుస్తకానికి పెట్టిన పేరుకు తెలుగులో "మతి స్థిమితం అనే ముసుగు" అని అర్థం చెప్పుకోవచ్చు. పైకి అంతా మామూలుగానే కనిపిస్తుందన్నమాట.

డాక్టర్లు ఏం చూస్తారు

అమెరికా సైకియాట్రీ సంఘం 2013లో ఇచ్చిన డీఎస్ఎం-5 అనే పుస్తకంలో యాంటీసోషల్ పర్సనాలిటీ డిజార్డర్‌కు 7 లక్షణాలు ఉన్నాయి. చట్టాన్ని మళ్ళీ మళ్ళీ ఉల్లంఘించడం. స్వలాభం కోసమో సరదా కోసమో అబద్ధాలాడి మోసం చేయడం. వెనకా ముందూ చూడకుండా పనులు చేయడం. ఊరికే కోపం, కొట్లాటలు. తన ప్రాణం, పక్కవాడి ప్రాణం లెక్కలేకపోవడం. ఉద్యోగం, అప్పులు, ఇంటి బాధ్యత దేన్నీ పట్టించుకోకపోవడం. చివరిది, ఎదుటివాళ్లను బాధపెట్టాక పశ్చాత్తాపం లేకపోవడం. వీటిలో కనీసం 3 ఉండాలి. అవి 15 ఏళ్ల వయసు నుంచి ఒక పద్ధతిలా కొనసాగుతూ ఉండాలి. మనిషికి 18 నిండాలి. 15 ఏళ్లకు ముందే కండక్ట్ డిజార్డర్ ఆనవాళ్లు ఉండాలి. అంటే జంతువుల్ని హింసించడం, దొంగతనాలు, నిప్పు పెట్టడం, తోటి పిల్లల్ని తీవ్రంగా కొట్టడం లాంటివి.

ఇన్ని షరతులు ఎందుకు పెట్టారో ఆలోచించండి. ఒకసారి అబద్ధం చెప్పినవాడినీ, ఒకసారి చేయి చేసుకున్నవాడినీ పట్టుకుని ఈ పేరు తగిలించకూడదని. బ్రేకప్ అయిన ప్రతి అబ్బాయినీ, ప్రతి అమ్మాయినీ, అప్రైజల్‌లో రేటింగ్ తగ్గించిన ప్రతి మేనేజర్‌నీ "సైకో" అనేయడం మనకు అలవాటైపోయింది. అది రోగ నిర్ధారణ కాదు, తిట్టు.

టీనేజ్ కుర్రాళ్ల విషయంలో ఇంకా జాగ్రత్తగా ఉండాలి. న్యూజిలాండ్‌లో డునెడిన్ అనే ఊళ్లో 1972-73లో పుట్టిన 1,037 మంది పిల్లల్ని పరిశోధకులు పెద్దయ్యేదాకా గమనిస్తూ వచ్చారు. ఆ అధ్యయనంలో పనిచేసిన టెరీ మాఫిట్ 1993లో ఒక ముఖ్యమైన విషయం చెప్పారు. తప్పుదారి పట్టే కుర్రాళ్లలో ఎక్కువమంది ఆ వయసులోనే తిరిగి, ఆ తర్వాత దారిలో పడతారు. చిన్నప్పుడే మొదలై పెద్దయ్యాక కూడా సాగేవాళ్లు కొద్దిమందే. కాబట్టి ఇంటర్ చదివే తమ్ముడు రెండుసార్లు డబ్బు కాజేశాడని వాడి జాతకం రాసేయకండి.

మొత్తం జనాభాలో ఈ డిజార్డర్ పెద్దవాళ్లలో నూటికి 1 నుంచి 4 మంది వరకు ఉండొచ్చని అంచనా. ఆడవాళ్లకంటే మగవాళ్లలో ఎక్కువ. 2002లో లాన్సెట్ పత్రికలో వచ్చిన ఒక పరిశీలన 12 దేశాల జైళ్ల సర్వేలను కలిపి చూసింది. ఖైదీల్లో మగవాళ్లలో 47 శాతం మందికి, ఆడవాళ్లలో 21 శాతం మందికి ఈ డిజార్డర్ ఉంది. దీన్ని తిప్పి చదివితే, జైల్లో ఉన్న మగవాళ్లలో సగానికి పైగా మందికి ఇది లేదు. అలాగే ఈ డిజార్డర్ ఉన్న చాలామంది ఎప్పుడూ జైలుకు పోరు. ఇంట్లోనే ఉంటారు. భార్య నగలు తాకట్టు పెడతారు, తండ్రి సంతకం ఫోర్జరీ చేస్తారు, పిల్లల ఫీజు డబ్బు ఒక్క రాత్రిలో ఊదేస్తారు. మరుసటి రోజు ఏమీ జరగనట్టు టిఫిన్ ఏదని అడుగుతారు.

హాజీపూర్ దగ్గర ఆగాలి

మా ప్రాంతంలో ఉంటూ ఈ విషయం రాస్తే హాజీపూర్‌ను దాటి పోలేం. మా ఆలేరు నియోజకవర్గంలోనే, బొమ్మలరామారం మండలంలో ఉంది ఆ ఊరు. 2019 ఏప్రిల్ చివర్లో 14 ఏళ్ల అమ్మాయి ఇంటికి తిరిగి రాలేదు. వెతికితే పాడుబడ్డ వ్యవసాయ బావిలో శవమై కనిపించింది. ఆ తర్వాత ఇంకో ఇద్దరు అమ్మాయిల అవశేషాలు కూడా బయటపడ్డాయి. వాళ్లలో ఒక పాప 2015 నుంచే కనిపించకుండా పోయింది. పట్టుబడింది అదే ఊరి మనిషి. 2020 ఫిబ్రవరి 6న నల్గొండ కోర్టు అతనికి మరణశిక్ష వేసింది.

అతని పేరు ఇక్కడ రాయడం లేదు. ఆ అమ్మాయిల పేర్లు కూడా రాయడం లేదు. అతనికి ఫలానా డిజార్డర్ ఉందని టీవీ చూసి తేల్చే పని కూడా మనది కాదు. అది డాక్టర్ ఎదురుగా కూర్చుని, చిన్ననాటి చరిత్ర తెలుసుకుని చెప్పాల్సిన మాట.

ఆ వార్త వచ్చినప్పుడు మా దగ్గర ప్రతి ఇంట్లో ఒకటే మాట. "వాడు రాక్షసుడు." కోపంలో అన్నమాట, అర్థం చేసుకోవచ్చు. కానీ రాక్షసుడు అనగానే మన మనసులో కోరలు, ఎర్రకళ్లు మెదులుతాయి. ఆ ఊరి వాళ్లకు కనిపించింది బైక్ మీద వెళ్తూ, బస్సు లేక నడిచి వచ్చే పిల్లలకు లిఫ్ట్ ఇచ్చే మామూలు మనిషి. ఆ తర్వాత ఊరివాళ్లు అడిగిన వాటిలో బస్సు కూడా ఉంది, వాగు మీద వంతెన కూడా ఉంది. ఆ డిమాండ్‌లో ఉన్న తెలివి నన్ను ఆలోచింపజేసింది. ముఖం చూసి చెడ్డవాణ్ణి కనిపెట్టగలమని వాళ్లు అనుకోలేదు. అలాంటివాడికి అవకాశం లేకుండా చేయాలనుకున్నారు. పిల్లలకు బస్సు ఉండాలి, దారి ఉండాలి, పాప కనిపించడం లేదంటే అదే రోజు వెతకాలి. ఇంటి విషయంలోనూ మనం చివరికి చేరేది ఇక్కడికే. మంచివాడా చెడ్డవాడా అని వాదించడం తర్వాత సంగతి, వాళ్ల చేతికి ఏం అందుతోంది అన్నది ముందు చూడాలి.

జబ్బు అయితే తప్పు ఎవరిది?

ఇక్కడ అసలు ధర్మసందేహం వస్తుంది. పరిశోధకులు చెప్పేదాని ప్రకారం ఈ స్వభావంలో వంశపారంపర్యం పాత్ర ఉంది. చిన్నప్పటి దెబ్బలు, నిర్లక్ష్యం, ఇంట్లో హింస పాత్ర కూడా ఉంది. రెండూ అతను ఎంచుకున్నవి కావు. మరి అతన్ని తప్పు పట్టడం న్యాయమా?

మన చట్టం దీనికి సూటిగా జవాబిస్తుంది. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 22వ సెక్షన్, అంతకుముందు ఐపీసీలో 84వ సెక్షన్, ఒకటే అడుగుతాయి. మతి సరిగా లేక, తాను చేస్తున్న పని ఏమిటో, అది తప్పని కానీ చట్టవిరుద్ధమని కానీ తెలుసుకోలేని స్థితిలో మనిషి ఉన్నాడా? ఆ స్థితిలో ఉంటే అది నేరం కాదు. యాంటీసోషల్ పర్సనాలిటీ ఉన్న మనిషికి మామూలుగా ఆ రెండూ తెలుస్తాయి. తెలుసు కాబట్టే దాచిపెడతాడు, అబద్ధం చెప్తాడు, వేరేవాళ్ల మీదకు నెడతాడు. అతనికి లేనిది తెలివి కాదు. ఎదుటివాళ్ల నొప్పి అతని మనసుకు తగలదు.

మన సంప్రదాయంలో ఇదే సంగతి కర్మ భాషలో ఉంది. చేతికి వచ్చిన ముక్కలు ప్రారబ్ధం. ఇప్పుడు ఆడే ఆట ఆగామి. మనిషికి చెడ్డ ముక్కలు వచ్చాయని జాలిపడొచ్చు. ఆ ముక్కలతో పక్కవాడి జేబు కొట్టేస్తే మాత్రం ఆ లెక్క అతని ఖాతాలోనే పడుతుంది.

హిరణ్యకశిపుడి కథలో ఇంకా లోతైన మాట ఒకటి ఉంది. అతను ఎవరు? వైకుంఠ ద్వారపాలకుల్లో ఒకడు. సనకసనందనాదుల శాపంతో అసురుడిగా పుట్టాడు. అంటే మన పురాణం ప్రకారం అసురత్వం అతని అసలు రూపం కాదు, మీద పడిన స్థితి. అయినా స్వామి "పాపం, శాపగ్రస్తుడు కదా" అని ఊరుకున్నాడా? ఊరుకోలేదు. ఆపాడు. అతను లోపల ఎవరో తెలిసి కూడా ఆపాడు. జాలి పడటం, ఆపడం ఒకే చోట ఉండగలవని చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలి?

ఇంట్లో మనం చేసే పొరపాట్లు

మా చుట్టాల్లో ఒక ఇల్లు ఉంది. అబ్బాయి చిన్నప్పటి నుంచీ అంతే. బడిలో దెబ్బలాటలు, తర్వాత అప్పులు, తర్వాత దొంగ సంతకాలు. తల్లి మంగళసూత్రం తప్ప అన్నీ అమ్మింది. ఎవరైనా అడిగితే ఒకటే మాట. "ఏం జేస్తం బిడ్డా, కన్నపేగు గదా." కట్టాల్సినవి ఆమె కడుతుంది, చెప్పాల్సిన అబద్ధాలు ఆమె చెప్తుంది, పోలీస్ స్టేషన్‌కు ఆమె పోతుంది. కొడుకు మాత్రం హాయిగా ఉంటాడు. ఆ ఇంట్లో శిక్ష అనుభవిస్తున్నది తప్పు చేయని మనిషి ఒక్కతే.

ఆ తల్లిని తప్పుపట్టే హక్కు నాకు లేదు. కానీ మహాభారతం ఈ ప్రేమను చాలా కఠినంగా పరీక్షించింది. దుర్యోధనుడు పుట్టినప్పుడే విదురుడు హెచ్చరించాడు. తర్వాత విషాన్నం జరిగింది, లక్క ఇల్లు జరిగింది, జూదం జరిగింది, నిండు సభలో ద్రౌపదికి అవమానం జరిగింది. కొడుకు సంగతి ధృతరాష్ట్రుడికి తెలుసు. ప్రతిసారీ బాధపడ్డాడు. ప్రతిసారీ కొడుకు అడిగింది ఇచ్చాడు. ఆ ప్రేమ చివరికి కొడుకును కాపాడిందా? నూరుగురిలో ఒక్కడు మిగల్లేదు.

రెండో పొరపాటు దీనికి వ్యతిరేకం. ద్వేషం. రాత్రింబవళ్లు అతని గురించే ఆలోచన. ఎక్కడ ఏం చేశాడు, ఎవరితో ఏమన్నాడు, ఎలా బుద్ధి చెప్పాలి. మనిషి ఇంట్లోంచి పోయినా మన బుర్రలో అద్దె లేకుండా కాపురం ఉంటాడు. హిరణ్యకశిపుడికి తమ్ముణ్ణి చంపిన విష్ణువు మీద ఉన్నది ఇదే. ఆ పగే అతన్ని అంతదూరం తీసుకెళ్ళింది.

మూడో పొరపాటు మనలాంటి భక్తి ఉన్న కుర్రకారు ఎక్కువ చేస్తాం. "నా ప్రేమతో మార్చేస్తా." ఈ మాట మీద ఎన్ని పెళ్ళిళ్ళు జరిగాయో, ఎంతమంది అమ్మాయిలు నలిగిపోయారో. పశ్చాత్తాపం అనేది మనం ఎంత గట్టిగా ఏడిస్తే అంత త్వరగా ఎదుటివాళ్లలో పుట్టేది కాదు. పైగా మన ఏడుపు ఎక్కడ నొక్కితే వస్తుందో కొందరికి బాగా తెలుసు.

ప్రహ్లాదుడు ఏం చేశాడు

ఇప్పుడు ఆ పిల్లాణ్ణి చూద్దాం. తండ్రి ఒళ్ళో కూర్చోబెట్టుకుని ప్రేమగా అడిగినప్పుడు నిజం చెప్పాడు. కోపంతో అడిగినప్పుడూ అదే నిజం చెప్పాడు. తండ్రిని తిట్టలేదు. తండ్రి "నేనే దేవుణ్ణి" అంటే నమ్మలేదు, నమ్మినట్టు నటించనూ లేదు. తండ్రికి గౌరవం ఇచ్చాడు. తండ్రి మాటను మాత్రం తన సత్యానికి కొలబద్ద కానివ్వలేదు.

అంతా అయిపోయాక స్వామి వరం కోరుకోమంటే ఏం అడిగాడు? తండ్రికి ఆ పాపం నుంచి విముక్తి ఇవ్వమని అడిగాడు. స్వామి 21 తరాలతో సహా పవిత్రుడయ్యాడని చెప్పి, తండ్రికి అంత్యక్రియలు చేయమన్నాడు. ఇంత జరిగినా ఆ పిల్లాడి మనసులో తండ్రి మంచి కోరే చోటు ఖాళీ కాలేదు.

నేను ఇందులో నేర్చుకున్నది ఇది. కరుణ వేరు, నమ్మకం వేరు. ఇవి రెండు వేర్వేరు ఖాతాలు. కరుణ ఎవరికైనా ఇవ్వొచ్చు, దానికి అర్హత చూడక్కర్లేదు. నమ్మకం మాత్రం ప్రవర్తన చూసే ఇవ్వాలి. "క్షమించావు కదా, మళ్ళీ డబ్బు ఇవ్వు", "కన్నతండ్రి కదా, మళ్ళీ సంతకం పెట్టు" అన్నప్పుడు ఎదుటివాళ్లు కరుణ ఖాతా చూపించి నమ్మకం ఖాతా నుంచి తీసుకుంటున్నారు. దాన్ని గుర్తుపడితే సగం బరువు దిగుతుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక గట్టిగా చెప్పాలి. ప్రహ్లాదుణ్ణి కొండ మీద నుంచి తోశారు, ఏనుగులతో తొక్కించారు, ఆయన ఓర్చుకున్నాడు కాబట్టి నువ్వూ ఓర్చుకో అని దెబ్బలు తింటున్న కోడలికి ఎవరైనా చెప్తే, అది కథను తలకిందులు చేయడమే. ప్రహ్లాదుడు ఎక్కడికీ పోలేని చిన్న పిల్లాడు. ఆ కథ హింసను భరించమని చెప్పేదైతే చివర్లో స్తంభం పగిలేది కాదు. బయటి నుంచి సాయం వచ్చి ఆ హింసను ఆపింది. మనకు ఆ స్తంభం ఒక్కోసారి 112కి చేసే ఒక ఫోన్ కాల్ రూపంలో ఉంటుంది.

ఉపేక్ష అంటే

పతంజలి యోగసూత్రాల్లో మనసు ప్రసన్నంగా ఉండటానికి నాలుగు భావాలు చెప్పారు. సుఖంగా ఉన్నవాళ్లతో మైత్రి, బాధలో ఉన్నవాళ్ల మీద కరుణ, పుణ్యం చేసేవాళ్లను చూసి ముదిత, అంటే సంతోషం. పాపం చేసేవాళ్ల విషయంలో ఉపేక్ష. మనం ఉపేక్ష అంటే పట్టించుకోకపోవడం అనుకుంటాం. "ఉపేక్షించేది లేదు" అని మంత్రులు స్టేట్‌మెంట్ ఇస్తుంటారు కదా, ఆ అర్థం మనకు అలవాటైంది. యోగంలో దాని అర్థం, ఆ మనిషి చేసిన పని నా మనసులోకి వచ్చి దాన్ని నడపకుండా చూసుకోవడం.

నా పని భాషలో చెప్తే ఇంకా తేలిగ్గా అర్థమవుతుంది. మేం రాసే సాఫ్ట్‌వేర్‌లో ఒక సర్వీస్ ఇంకో సర్వీస్‌ను పిలుస్తూ ఉంటుంది. అవతలిది పాడైతే, ఇవతలిది మళ్ళీ మళ్ళీ పిలిచి, ఎదురుచూసి, చివరికి తానూ పడిపోతుంది. దాంతో మొత్తం సిస్టమ్ కూలుతుంది. అందుకే మధ్యలో సర్క్యూట్ బ్రేకర్ పెడతాం. ఇన్నిసార్లు ఫెయిల్ అయితే పిలవడం ఆపేస్తుంది. అవతలి సర్వీస్‌ను డిలీట్ చేయదు, తిట్టదు. కొంతకాలానికి ఒకటి రెండు చిన్న రిక్వెస్టులు పంపి చూస్తుంది. సరిగ్గా జవాబు వస్తే నెమ్మదిగా తలుపు తెరుస్తుంది. రాకపోతే మళ్ళీ మూసేస్తుంది. మనిషి కోడ్ కాదు, ఒప్పుకుంటాను. కానీ ఉపేక్ష ఎలా పనిచేస్తుందో నాకు ఇంతకంటే దగ్గరి పోలిక దొరకలేదు.

చేతల్లో ఎలా

ఇప్పుడు పనికొచ్చే మాటలు కొన్ని.

మాటల్ని కాదు, పనుల్ని లెక్కలోకి తీసుకోండి. ప్రమాణాలు, ఏడుపులు, గుళ్ళో ఒట్లు పక్కన పెట్టి, గత 6 నెలల్లో ఏం చేశాడో చూడండి.

డబ్బు, కాగితాలు వేరు చేయండి. పట్టాదారు పాస్‌బుక్, ఇంటి పత్రాలు, ఏటీఎం పిన్, ఫోన్‌లో ఓటీపీ, ఖాళీ చెక్కులు అతని చేతికి అందే చోట ఉండకూడదు. షూరిటీ సంతకం పెట్టకండి. సాయం చేయాలనిపిస్తే డబ్బు చేతికివ్వకుండా అవసరం తీర్చండి. ఫీజు అయితే కాలేజీకే కట్టండి, మందులైతే మీరే కొనండి.

పశ్చాత్తాపం కోసం వాదించకండి. "నీకు సిగ్గు లేదా" అని గంటసేపు అడిగినా జవాబు రాదు. "ఇది చేస్తే ఇది జరుగుతుంది" అని చిన్నగా, శాంతంగా చెప్పి, చెప్పింది చేయండి. చేయలేనిది బెదిరింపుగా చెప్పకండి.

కొడుతున్నా, చంపుతానని బెదిరిస్తున్నా అది కౌన్సెలింగ్ విషయం కాదు, ముందు ప్రాణం కాపాడుకోవాల్సిన విషయం. 112, మహిళలకు 181, పిల్లలకు 1098, పెద్దవాళ్లకు 14567. ఇల్లు వదలాలనుకుంటే ముందుగా చెప్పి వదలకండి. అలాంటి సమయమే ఎక్కువ ప్రమాదం. నమ్మకమైన ఒకరికి చెప్పి, కాగితాలు, బట్టలు, కొంత డబ్బు సిద్ధం చేసుకున్నాకే కదలండి. గృహహింస నుంచి రక్షణకు 2005 చట్టం ఉంది. చూసుకుంటానన్న షరతు మీద ఆస్తి రాయించుకుని తర్వాత చూడని పిల్లల నుంచి ఆ ఆస్తిని వెనక్కి తీసుకోవడానికి 2007 సీనియర్ సిటిజన్ల చట్టంలో దారి ఉంది.

మీ మనసును కూడా చూసుకోండి. ఏళ్ల తరబడి ఇలాంటి మనిషితో ఉంటే "తప్పు నాదేనేమో" అనిపించడం మొదలవుతుంది. టెలీ మానస్ 14416కి ఫోన్ చేస్తే డబ్బు తీసుకోకుండా తెలుగులో మాట్లాడతారు. ఆ ఫోన్ అతని కోసమే చేయాలని లేదు, మీ కోసం చేయండి.

ఇంట్లో చిన్న పిల్లాడు కుక్కపిల్లను హింసిస్తున్నా, మళ్ళీ మళ్ళీ దొంగతనం చేస్తున్నా, తన్ని సరిచేద్దాం అనుకోకండి. పిల్లల మానసిక వైద్యుల దగ్గరికి తీసుకెళ్ళండి. తల్లిదండ్రులు పిల్లాడితో వ్యవహరించే పద్ధతి మార్చుకునేలా నేర్పించే శిక్షణ ఈ వయసులో బాగా పనిచేస్తుంది. పెద్దయ్యాక తలుపులు ఒక్కొక్కటే మూసుకుపోతాయి.

మారతారా?

కొంతమంది మారతారు. నలభైల్లోకి వచ్చాక చాలామందిలో దూకుడు, నేరాలు తగ్గుతాయని డాక్టర్లు గమనించారు. ఈ స్వభావాన్ని నేరుగా నయం చేసే మాత్ర లేదు. బ్రిటన్ ప్రభుత్వ వైద్య మార్గదర్శకాలు 2009లో చెప్పింది కూడా అదే. ఆలోచనా పద్ధతి మీద గుంపుగా కూర్చోబెట్టి చేసే చికిత్స, తాగుడు, డ్రగ్స్ మాన్పించడం, డిప్రెషన్ లాంటివి ఉంటే వాటికి వైద్యం, ఇవి కొంత ఉపయోగపడతాయి. ఎంత మారతారన్నది ఎవరూ గ్యారంటీ ఇవ్వలేరు. కాబట్టి మీ జీవితాన్ని ఆ మార్పు మీద ఆధారపెట్టి ప్లాన్ చేసుకోకండి.

జనం చెప్పుకునే వాల్మీకి కథ గుర్తుందా? దారి దోపిడీ చేసే బోయవాడు, నారదుడు అడగమన్నాడని ఇంటికి వెళ్ళి "నా పాపంలో వాటా తీసుకుంటారా" అని అడుగుతాడు. భార్య, పిల్లలు తీసుకోం అంటారు. అతనిలో మార్పు అక్కడ మొదలైంది. వాళ్లు ప్రేమ లేక అలా అనలేదు. ఎవరి కర్మ వాళ్లది అన్న నిజం చెప్పారు. ఇంట్లోవాళ్లు అందరూ పాపంలో వాటా పంచుకుంటూ పోతే ఆ బోయవాడు ఎప్పటికీ చెట్టు కింద కూర్చునేవాడు కాదు.

ఇది బాధ్యత తప్పించుకోవడం కాదా?

చివరిగా ఈ సందేహం వస్తుంది. "దూరం జరగమంటే స్వార్థం కదా? అందరూ వదిలేస్తే అతని గతి ఏమిటి?" న్యాయమైన ప్రశ్నే. నా జవాబు ఇది. అతనికి అన్నం పెట్టడం, జబ్బు చేస్తే ఆస్పత్రికి తీసుకెళ్ళడం, కోర్టు కేసులో న్యాయంగా లాయర్ దొరికేలా చూడటం, పేరెత్తి ప్రార్థించడం, ఇవన్నీ మనిషిగా అతనికి దక్కాల్సినవి. అతని కోసం అబద్ధం చెప్పడం, అతని చేతిలో ఇంకొకరు దెబ్బతింటుంటే మూసిపెట్టడం, చిన్న పిల్లల్ని అతనితో ఒంటరిగా వదలడం, ఇవి అతనికి దక్కాల్సినవి కావు. మొదటివి ఇస్తూ రెండోవి ఆపితే మీరు ఎవరినీ వదిలేయలేదు.

ఇంకో మాట. భగవద్గీత 16వ అధ్యాయంలో దైవీ సంపద, ఆసురీ సంపద అని రెండు రకాల గుణాలు ఉన్నాయి. దాన్ని చదివి పక్కింటివాడికి, బావమరిదికి మార్కులు వేయడం చాలా తేలిక. ఆ అధ్యాయం మనం మనకు మార్కులు వేసుకోవడానికి. దైవీ సంపద జాబితాలో దయ ఉంది, క్షమ ఉంది, వాటికంటే ముందే అభయం ఉంది. మొదటి గుణమే భయం లేకపోవడం. భయంతో చేసే క్షమ క్షమ కాదు, లొంగిపోవడం. అందుకే ముందు భయం లేని చోటికి రండి. అక్కడ నిలబడి క్షమించాలో లేదో నిదానంగా ఆలోచించొచ్చు.

ఈ వారం మీలో ఎవరైనా గుట్టకు వెళ్తే, మీ ఇంట్లో అలాంటి ఒకరు ఉంటే, స్వామి ముందు ఆ పేరు కూడా చెప్పి రండి. ఇంటికి వచ్చాక ఏటీఎం పిన్ మార్చేయండి.

ఓం నమో నారసింహాయ.